ఏడో రేవు

సంతకం పెట్టనని అక్క అప్పటికే నాలుగుసార్లు చెప్పింది. ఐదోసారి చెప్పలేదు. తమ్ముడు అందించిన పెన్ను తీసుకుని కిటికీలోంచి వీధిలోకి విసిరేసింది.

"ఇంకోటి ఉంది," అన్నాడు తమ్ముడు జేబు తడుముకుంటూ.

"అదీ ఇలా తే. రెండూ ఒకచోటే ఉంటాయి."

తమ్ముడు జేబులోంచి చెయ్యి తీసేశాడు.

అతని భార్య గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. వచ్చినప్పటి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. ముందుగదిలో బావ వాషింగ్ మెషీన్ మోటారు విప్పుకుంటున్నాడు. పానా చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. మాట పెరిగినప్పుడల్లా ఆ చప్పుడు ఆగుతోంది.

బల్ల మీద ప్రూఫు కాగితాల కట్ట ఉంది. పైన పెద్ద అక్షరాలతో 'మా ఆటల గది: ముప్పై ఏళ్ళ చరిత్ర' అని ఉంది. బొమ్మల కంపెనీ తన మేడ మీద వీడియో గేములు తయారుచేసే విభాగం గురించి వేయిస్తున్న పుస్తకం. రాసినవాడు ఆ విభాగానికి పెద్ద, తమ్ముడే. పన్నెండు పేజీల్లో అక్క వేసిన బొమ్మలున్నాయి. ఆమె సంతకం చెయ్యనిదే అవి అచ్చులోకి పోవు. ప్రెస్సువాళ్ళు ఐదింటిదాకా ఆగుతామన్నారు.

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

"చదువు," అంది అక్క.

"రాత్రి నువ్వు చదివావు కదా."

"నీ నోటితో వినాలి. ఇరవై మూడో పేజీ."

తమ్ముడు కళ్ళజోడు పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"'మా మొదటి ఆట పడవ ప్రయాణం. అందులో తొమ్మిది రేవులు. ప్రోగ్రామరు అజాగ్రత్త వల్ల ఏడో రేవులో పడవ ఆగేది కాదు. అమ్మిన ఆట పెట్టెలన్నీ వెనక్కి వచ్చాయి. ఆ ప్రోగ్రామరును కంపెనీ తొలగించింది. ఆ దెబ్బతో మేము జాగ్రత్త నేర్చుకున్నాం.'"

"నేర్చుకున్నారా?"

తమ్ముడు కాగితం కింద పెట్టాడు.

"ప్రోగ్రామరంట. ఆయన నీకు ఏమవుతాడో కూడా మర్చిపోయావు. నిన్ను చెయ్యి పట్టుకుని కంపెనీ మేనేజరు గదిలోకి తీసుకెళ్ళింది ఎవర్రా? మా బావమరిది చదువుకున్నాడు, వీడి బుర్ర వాడుకోండి అని చెప్పింది ఎవరు? చదువుకున్నావని నిన్ను పెద్దని చేసి, ప్యాకింగు మెషీన్ల దగ్గర మెకానిక్కుగా ఉంటూ ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకున్నాయన్ని నీ కింద పెట్టారు. ఆయన ఒక్కసారైనా ముఖం చిట్లించాడా?"

"లేదు."

"ఆఖరి మూడు రేవులూ ఆడి చూడకుండా పంపించెయ్యమన్నది ఎవరు?"

"తారీకు మీదికి వచ్చింది. చిప్పుల్లోకి ఎక్కించేవాళ్ళు కూర్చుని ఉన్నారు. నేనేం చెయ్యను?"

"రెండు గంటల పని. రెండు గంటలు కూర్చుని ఆడి ఉంటే ఏడో రేవు దగ్గరే దొరికేది. అది రాశావా నీ చరిత్రలో? ఎన్ని కుర్చీలుండేవో రాశావు. కిటికీకి ఏ రంగు వేశారో రాశావు. అది రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు."

ముందుగదిలో పానా ఆగిపోయింది.

తమ్ముడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. "రేపు పొద్దున్న డైరెక్టర్లు కూర్చుంటున్నారు. ఆటలు మన దగ్గర చేయించాలా, మన విభాగం మూసేసి బయటివాళ్ళకి అప్పగించాలా అని. రాత్రికి ఇరవై పుస్తకాలు తీయించి వాళ్ళ ముందు పెట్టాలి. మొదటి ఆటని ముంచింది ఇప్పటి పెద్దేనని అందులో ఉంటే మాట్లాడ్డానికి ఇంకేం మిగలదు. నలభై మంది ఉన్నారక్కా అక్కడ."

"ఆ రోజు ఒక్కడే ఉన్నాడు. అందుకని పర్వాలేదనుకున్నారు."

"అలా అనకు."

"ఎలా అనమంటావు? నువ్వు రాసిచ్చిన మాటే అనమంటావా? అజాగ్రత్త మొగుడని పిలవనా ఆయన్ని?"

స్టూలు మీద ఉన్న మరదలు తల దించుకుంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు.

బావ గుమ్మంలోకి వచ్చాడు. అరవై దాటిన మనిషి. మోచేతుల దాకా గ్రీజు. పాత బనీను ముక్కతో వేళ్ళు తుడుచుకుంటూ బల్ల మీది కట్ట వైపు చూశాడు.

"సంతకం పెట్టు," అన్నాడు.

అక్క వెంటనే తిరగలేదు. విన్నది సరిగ్గానే విన్నానా అన్నట్టు ఒక క్షణం గోడకేసి చూసి, తర్వాత తిరిగింది.

"మీరు మోటారు సంగతి చూసుకోండి."

"చూసుకుంటాను. నువ్వు సంతకం పెట్టు. వాడు పోవాలి."

"ఎందుకు పెట్టాలి?"

"పెట్టు, అంతే."

"పెళ్ళైనప్పటి నుంచి వింటున్నాను ఈ 'అంతే'. ఇవాళ చాలదు. ఇరవై ఎనిమిదేళ్ళు వీడి గడప తొక్కలేదు నేను. ఎవరి కోసం తొక్కలేదు? నాన్న పోయిన రోజున వాడొక గదిలో, నేనొక గదిలో కూర్చున్నాం. వచ్చినవాళ్ళు రెండు చోట్లా పలకరించి వెళ్ళారు. ఎవరి కోసం? ఇప్పుడు మీరే వచ్చి సంతకం పెట్టమంటే నేను ఎవరి పక్కన నిలబడ్డట్టు?"

బావ బనీను ముక్కని మడిచాడు. మళ్ళీ విప్పాడు.

వీధిలో ఏదో బండి వెనక్కి వెళుతూ కూత పెట్టింది.

"చెప్పెయ్యండి అన్నయ్యగారూ," అంది మరదలు.

"నువ్వూరుకో," అన్నాడు తమ్ముడు.

"ఇరవై ఆరేళ్ళుగా ఊరుకున్నాను. పెళ్ళైన వారానికే మీరు నాకు చెప్పి, వదినతో అనకు అన్నారు. సరే అన్నాను. ఎదురుపడ్డప్పుడల్లా ఈవిడ నన్నూ దొంగని చూసినట్టు చూస్తుంటే అదీ పడ్డాను." బావ వైపు తిరిగింది. "మీరే చెప్పాలి. ఈయన చెప్పలేరు. ఈయనకి రాయడమే వచ్చు, చెప్పడం రాదు."

అక్క ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది.

"ఏంటది?"

బావ బల్ల దగ్గరికి వచ్చాడు. అంచులు మాసిపోకుండా రెండు వేళ్ళ కొసలతో పేజీలు తిప్పాడు. నలభై ఒకటో పేజీ దగ్గర ఆగి, దాన్ని అక్క వైపు జరిపాడు.

అది ఏడో రేవు. అక్క వేసిన గ్రాఫు కాగితాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీసి వేశారు.

అక్క ముఖం కొంచెం మెత్తబడింది. బొమ్మల కళ్ళు దిద్దే గదిలో తొమ్మిదేళ్ళు పనిచేసిన చెయ్యి అది. ఆ చెయ్యి వణకదని మేడ మీదికి పిలిచారు. ఆటలో ఒక్కో బొమ్మకి అడ్డంగా పదహారు గళ్ళు, నిలువుగా పదహారు గళ్ళు. అంతకు మించి జాగా లేదు. ఆ గళ్ళలోనే రాతిమెట్టు, దానికి కట్టిన తాడు, తాడు కింద నీళ్ళలో కదిలే నీడ.

"ఈ తాడు ముడి చూడు," అంది, ఎవరితోనో తెలియకుండా. "ఏడు గళ్ళలో ముడి తెప్పించాను. మూడు రోజులు పట్టింది."

బావ వేలు కాగితం అంచున ఆనింది. నల్లటి మరక పడింది.

"ఇక్కడ చూడు."

అంచున అంకెలున్నాయి. అక్క వేసినవి కావు. సన్నటి నీలం సిరాతో అచ్చేసిన అంకెలు. ఒకటి, రెండు, మూడు, అలా పదహారు దాకా. కింద అక్క చేతిరాతతో 'పడవ ఆగే మెట్టు: అడ్డం 16' అని ఉంది.

అక్క చాలాసేపు చూసింది.

మేడ మీద గదిలో ఎవరూ ఒకటి నుంచి లెక్కపెట్టేవాళ్ళు కారు. యంత్రానికి మొదటి గడి సున్నా, చివరి గడి పదిహేను. అలవాటు తప్పిపోతుందేమోనని మెట్లెక్కేటప్పుడు కూడా సున్నా, ఒకటి, రెండు అనుకుంటూ ఎక్కేవాళ్ళు. కింద ప్యాకింగు ఆడవాళ్ళు వీళ్ళకి మతి పోయిందని నవ్వుకునేవాళ్ళు. ఆ అలవాటు అందరికంటే గట్టిగా పట్టింది అక్కకే. ఇంట్లో విజిళ్ళు కూడా సున్నా నుంచే లెక్కపెట్టి రెండుసార్లు కుక్కరు మాడగొట్టింది.

యంత్రంలో పదహారో నంబరు గడి లేదు. లేని మెట్టు కోసం పడవ ఒడ్డు వెంట పోతూనే ఉండేది.

"ఇది మన కాగితం కాదు," అంది అక్క. గొంతు బాగా తగ్గింది. "మన కాగితానికి అంచున అంకెలుండవు. నేనే వేసుకునేదాన్ని."

"స్టోర్సులో మన కాగితం అయిపోయింది. ఆఖరి వారం ఇచ్చిన పుస్తకం ఇది. నువ్వు అచ్చు అంకె చూసి రాశావు. నేను రాసింది చూసి ఎక్కించాను. ఆగి చూసుకోవాల్సింది. చూసుకోలేదు."

"ఎనిమిది, తొమ్మిది రేవులు కూడా ఆ పుస్తకంలోనే వేశాను."

"వాటిలో మెట్టు మధ్యలో ఉంది. ఒక గడి పక్కకి ఆగేది. ఎవరూ కనిపెట్టేవాళ్ళు కాదు."

"కనిపెట్టడానికి అక్కడిదాకా పోయినవాడు ఉంటే కదా," అన్నాడు తమ్ముడు.

అక్క అతని వైపు చూసిన చూపుకి అతను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఈ పేజీ పుస్తకంలోకి ఎలా వచ్చింది?"

"పుస్తకం కూర్చిన అమ్మాయి ఎంచుకుంది. బీరువాలో ఉన్నవాటిలో ఇదే బాగుందంది. ఆ అమ్మాయికేం తెలుసు. నిన్న కట్ట ఇక్కడికి వచ్చాక బావే చూసి ఫోను చేశాడు."

"ఓహో. మీరిద్దరూ ఫోన్లు కూడా చేసుకుంటారా?"

తమ్ముడు నేల చూశాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?" ఈ మాట బావని అడిగింది.

"పెట్టెలు తిరిగి రావడం మొదలైన మూడో రోజు. నీ కాగితం తీసి చూశాను. వాడికి చూపించాను."

"నేను మానేసింది ఎన్నో రోజు?"

బావ బనీను ముక్కతో మళ్ళీ వేళ్ళు తుడుచుకున్నాడు. అక్కే చెప్పింది.

"పదకొండో రోజు. మిమ్మల్ని తీసేశారని తెలిసి, నా రంగుపెట్టె తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద బోర్లించాను. ఏ తప్పూ చెయ్యనివాణ్ణి పంపించిన చోట నేను పనిచెయ్యనన్నాను. అందరూ వింటుండగా అన్నాను. మెట్లు దిగి వస్తే మీరు కింద నిలబడి ఉన్నారు. నా చేతిలో సంచీ అందుకున్నారు. బరువుగా ఉందా అని అడిగారు."

"అడిగాను."

"అప్పటికి మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి సంచీ మోశారు."

బావ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "కళ్ళు దిద్దే గది నుంచి నీతోపాటు నలుగురు ఆడవాళ్ళు మేడ మీదికి వచ్చారు. బొమ్మలకి కళ్ళు దిద్దేవాళ్ళకి ఇక్కడేం పనని మేనేజరు అప్పటికే అంటున్నాడు. నీ కాగితం బయటపడితే ఐదుగురినీ కిందికి దింపేవాడు. నాకు చేతిలో మెకానిక్కు పని ఉంది. ఎక్కడైనా బతుకుతాను. అందుకని నేనే ఒప్పుకున్నాను. వాడు వద్దన్నాడు. నేనే వాడి నోరు మూయించాను."

"ఆ నలుగురు ఉన్నారక్కా," అన్నాడు తమ్ముడు గబగబా. "ముగ్గురు మొన్నమొన్నటి దాకా చేశారు. ఒకావిడ ఇప్పుడు బొమ్మల సెక్షను మొత్తానికి..."

"నోరు ముయ్యి."

ముయ్యమన్నది పెద్దగా కాదు. అయినా అతను మాట మధ్యలో ఆగిపోయాడు.

"వాళ్ళు నలుగురూ ఉన్నారు. పద్దెనిమిది ఆటలకి బొమ్మలు వేశారు. బాగానే ఉంది. నేనేం చేశాను ఈ ఇరవై ఎనిమిదేళ్ళూ? బట్టలకి బొత్తాలు కుట్టాను. మీ మోటార్ల మీద నంబర్లు రాశాను. పద్దెనిమిది ఆటల్లో ఒక్కటీ ఈ గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. మిమ్మల్ని ఏడిపించినవాళ్ళ ఆటలు మనకెందుకన్నాను. మీరు పక్కనే కూర్చుని విన్నారు."

"చెప్తే నువ్వు తట్టుకోలేవనుకున్నాను."

"అడిగారా?"

"ఏమని?"

"తట్టుకుంటావా అని. ఒక్కసారి అడిగారా? ఐదుగురినీ కిందికి దింపేవాడన్నారు. దింపనివ్వండి. నేను మళ్ళీ ఎక్కేదాన్ని. ఎక్కడానికి మెట్లు నాకు తెలుసు. మీరు నన్ను ఇంట్లోకి దింపి తలుపేశారు. ఇక్కణ్ణుంచి మెట్లెక్కడున్నాయి?"

బావ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వేళ్ళ గ్రీజు లాల్చీకి అంటుతున్నా చూసుకోలేదు.

మరదలు లేచి వెళ్ళి కుండలోంచి గ్లాసుడు నీళ్ళు తెచ్చింది. అక్క ముందు పెట్టింది. అక్క తాగలేదు. వద్దనలేదు.

"జేబులో ఇంకో పెన్ను ఉందన్నావు," అంది తమ్ముడితో.

తమ్ముడు ఊపిరి వదిలాడు. పెన్ను తీసి, సంతకం చెయ్యాల్సిన కాగితం కట్ట పైకి తెచ్చి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

అక్క ఆ కాగితం పక్కకి తోసి ఇరవై మూడో పేజీ తీసింది. 'ప్రోగ్రామరు' మొదలుకుని 'జాగ్రత్త' దాకా అడ్డంగా ఒకే గీత గీసింది. అంచున రాయడం మొదలుపెట్టింది. తిన్నగా, ఒక్క అక్షరమూ పక్కకి ఒరగకుండా రాసింది. చెయ్యి ఇప్పటికీ వణకడం లేదు.

తమ్ముడు తలకిందులుగా చదువుకున్నాడు.

'ఏడో రేవు కొలత తప్పు రాసింది నేను. ఎక్కించినవాడు సరిచూసుకోలేదు. విభాగానికి పెద్దగా ఉన్నవాడు చివరి మూడు రేవులూ ఆడించకుండా పంపించాడు. ముగ్గురం చేసిన పనికి ఒక్కణ్ణి పంపించారు.'

"అక్కా," అన్నాడు. "రేపు పొద్దున్న డైరెక్టర్లు ఇది చదివితే విభాగం ఉండదు."

"ఉంటుందో లేదో వాళ్ళు చూసుకుంటారు. మీరిద్దరూ ఇంకెవరి తరఫునా ఆలోచించకండి."

బావ లేచాడు. ఆ పేజీ తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి లాల్చీ జేబులో దోపుకున్నాడు.

"ఇది ఈ ఇల్లు దాటదు," అన్నాడు.

ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ విన్నది కాదు. తమ్ముడు కూడా లేచి నిలబడ్డాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళు ఇళ్ళిళ్ళూ తిరిగి మురికినీళ్ళ మెషీన్ల కింద పడుకున్నాను. నీ పేరుకి మరక అంటకూడదని. నలభై నిమిషాల్లో తుడిచేస్తావా? నేను చేసింది నువ్వెవరు చెరపడానికి?"

"పేరు నాది. మీరు చేసింది నా పేరు మీద."

"నాది కాదా? నేను మోసినదానికి విలువ లేదా?"

"మోయమని నేను చెప్పలేదు. కాగితం ఇవ్వండి."

"ఇవ్వను."

గడియారం నాలుగు ఇరవై చూపిస్తోంది. అక్క చెయ్యి చాచి నిలబడింది. బావ జేబు మీద అరచెయ్యి ఒత్తి నిలబడ్డాడు. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గలేదు.

అక్కే ముందు చెయ్యి దించింది. దించి చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు తమ్ముడు.

"ప్రెస్సుకి. నా సంతకం కావాలి కదా వాళ్ళకి. నేను చెప్పింది వాళ్ళు అచ్చులోకి ఎక్కించాక, అక్కడే పెడతాను. కాగితం ఎందుకు, నాకు నోరుంది."

"ప్రెస్సు ఎక్కడుందో నీకు తెలీదు."

"నాకు తెలుసు," అంది మరదలు. కొంగు నడుముకి బిగించింది. "పద వదినా. స్కూటరు కిందే ఉంది."

తమ్ముడు భార్య వైపు చూశాడు. "నువ్వేం చేస్తున్నావో తెలుస్తోందా? రేపు నా ఉద్యోగం..."

"తెలుస్తోంది. ఇంటికొచ్చాక తిట్టండి."

ఇద్దరు ఆడవాళ్ళూ మెట్లు దిగారు. సగం దిగాక పైనుంచి బావ గొంతు వినిపించింది. అరుపు కాదు. అరుపు కంటే గట్టిగా తగిలింది.

"నువ్వు అక్కడ ఏం చెప్పినా, నేను వచ్చి అది అబద్ధమని చెప్తాను. తప్పు నాదేనని ఆ రోజు రాసిచ్చిన కాగితం కంపెనీలో ఉంది. నా సంతకంతో ఉంది. ఎవరి మాట నిలబడుతుందో చూద్దాం."

అక్క మెట్టు మీదే ఆగింది. తల ఎత్తింది. పైన కటకటాల్లోంచి అతని చెయ్యి మాత్రం కనిపించింది. ఇంకా జేబు మీదే ఉంది.

"రాసిచ్చారా?" అంది.

ఆ సంగతి మరదలికీ తెలీదు. పక్కన కటకటాల మీదికి వంగిన తమ్ముడి ముఖం చూస్తే అతనికీ తెలీనట్టే ఉంది.

"తప్పు మీదేనని కాక ఇంకేం రాసిచ్చారు?"

పైన చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వచ్చింది. తర్వాత మెట్ల మీద అడుగులు. మోకాళ్ళు నొప్పి ఉన్న మనిషి తొందరపడితే పడే అడుగులు.

అక్క మిగతా మెట్లు గబగబా దిగి స్కూటరు వెనక కూర్చుంది. మరదలు కిక్కు కొట్టింది. అంటుకోలేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంటుకోలేదు.

బావ చివరి మెట్టు మీదికి వచ్చాడు.

"దిగు," అన్నాడు. "దిగితే ఏం రాశానో చెప్తాను."

మరదలు కిక్కు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి అక్క ముఖంలోకి చూసింది.